సంతకం చేసినవారి మాట

మనిషికి వాక్కునిచ్చి, ఇచ్చిన మాట బరువును కూడా అతని తలపైనే ఉంచిన తల్లికి ముందుగా నమస్కరిస్తున్నాను. రాసినది రాసినట్టే నిలవాలన్న కోరిక ఎంత దుర్బలమైనదో ఇటీవలనే తెలుసుకున్నవాడనై, శ్రీ విశ్వావసు నామ సంవత్సర మాఘ శుద్ధ పంచమి నాడు, పలాసలో, మా అమ్మాయి పనిగదిలో ఒక మూల కూర్చుని ఈ సంగతి రాస్తున్నాను.

ఉద్యోగకాలమంతా టెక్కలి చుట్టుపక్కల పాఠశాలల్లో తెలుగు చెప్పి, విశ్రాంతి పొందిన తరువాత నేను మా అమ్మాయి దగ్గరే ఉంటున్నాను. అల్లుడు రైల్వే ఉద్యోగి. వారంలో సగం రోజులు ఇంటి పట్టున ఉండడు. అమ్మాయి ఎవరి కొలువులోనూ లేదు. ఇంటి ముందుగదిలో ఒక కంప్యూటరు పెట్టుకుని జీడిపప్పు డబ్బాలకు బొమ్మలు, పెళ్ళికార్డులు, దుకాణాల బోర్డులు, ఊళ్ళలో కూడళ్ళ దగ్గర కట్టే ఫ్లెక్సీలు తయారుచేసి అచ్చుకు పంపుతుంది. తప్పులు దిద్దడం నా వంతు. నా చూపు పడనిదే ఏ కార్డూ గడప దాటదని ఆమె అందరితో చెప్పేది. ఆ మాట విన్నప్పుడల్లా బడి మళ్ళీ తెరిచినంత సంతోషం కలిగేది నాకు.

అయితే ఆ పనికి ఒక పద్ధతి ఉండేది కాదు. భోజనానికి కూర్చుంటే ఫోను, లేస్తే ఫోను. ఇచ్ఛాపురం నుంచి ఒక పెళ్ళికార్డు వచ్చింది; ఒకవైపు తెలుగు, మరొకవైపు ఒడియా. పెళ్ళికొడుకు తండ్రి ఒకటి చెబితే మేనమామ మరొకటి చెప్పాడు. మేనమామ చెప్పినది పెదనాన్నకు నచ్చలేదు. పదకొండుసార్లు మార్చిన తరువాత ఆ గందరగోళంలో నాలుగో నమూనా అచ్చుకు వెళ్ళిపోయింది. వాళ్ళు ముగ్గురూ కలిసి వచ్చి గుమ్మంలో నిలబడి అడిగిన ప్రశ్నలకు అమ్మాయి ఒక్కటంటే ఒక్క జవాబు చెప్పలేక లోపలికి వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చింది.

ఆ సాయంత్రం ఆమె నాతో, "ఇక ఇలా కుదరదు నాన్నగారూ. ప్రొఫెషనల్‌గా చేయాలి. ఎవరైనా సరే, కాగితం మీద రాసి, సంతకం పెట్టాకే పని మొదలుపెడతాను. ఆ కాగితం మీరు రాసిపెట్టండి," అంది.

శ్రావణమాసమంతా నేను ఆ పత్రం మీదనే కూర్చున్నాను. ఏమి పని, ఏ కొలత, ఎప్పటికి కావాలి అన్న గడులు ముందు వేశాను. ఆ తరువాత షరతులు. నమూనా చూపిన పిమ్మట రెండు పర్యాయాలకు మించి మార్పులు లేవు. ఆదివారం పని లేదు. వీటన్నిటికన్నా శ్రద్ధగా రాసినది ఒకటుంది: "ఈ పత్రముపై సంతకము చేసినవారే ఆమోదకర్తలు. వారు ఆమోదించిన నమూనాను మార్చు అధికారము వారికి తప్ప అన్యులకు లేదు." ఆ వాక్యాన్ని నాలుగు విధాల రాసి చూసుకుని, చివరకు ఈ రూపంలో నిలిపాను. చదువుకుంటే నాకే ముచ్చటేసింది.

మొదటి సంతకం పెట్టవలసి వచ్చినవాడు మాకు చిరకాలంగా పని ఇచ్చే జీడిపప్పు వ్యాపారి. పత్రం చేతికివ్వగానే అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏటి మేస్టారూ, జీడిపిక్కల డబ్బా మీద బొమ్మకి సంతకమేటి? మా మావ కూతుర్ని కట్టుకున్నప్పుడు కూడా నాను సంతకం పెట్టనేదు."

"అందుకే కదా బాబాయ్, పిన్ని మిమ్మల్ని ఇప్పటికీ మారుస్తూనే ఉంది," అంది అమ్మాయి.

అతను నవ్వి కలం అందుకున్నాడు. "సరే, ఇలా పట్రా తల్లీ. రేపట్నుంచి మీ గుమ్మం తొక్కాలంటే టోకెను తీసుకోవాలేటో."

వారం తిరగకుండానే అతని బావమరిది ఫోను చేసి, డబ్బా మీద నెమలి వద్దు, ఏనుగు పెట్టమన్నాడు. సంతకం బాబాయిది, ఆయన చెబితేనే మారుస్తానని అమ్మాయి చెప్పింది. వ్యాపారి ఆ సంగతి విని స్వయంగా వచ్చి, "నాకిది బాగుంది తల్లీ. మా వాళ్ళలో నా మాట నెగ్గిన సోటు ఇదొక్కటే," అని కూర్చుని టీ తాగి వెళ్ళాడు. తన బట్టీలో పిక్కలు ఒలిచే ఆడవాళ్ళకు కూడా ఆ కథ చెప్పి నవ్వించాడట. నెలరోజులు పని ఒక దారిన పడింది. అమ్మాయి వేళకు అన్నం తింది. నా పత్రమే ఇంటిని చక్కబెట్టిందని నేను లోలోపల అనుకున్నాను.

భాద్రపదంలో ఒకనాడు మధ్యాహ్నం ఉద్దానం నుంచి ఒక రైతు వచ్చాడు. యాభై ఏళ్ళు ఉండవచ్చు. ముఖం ఉబ్బి, ఒళ్ళు నలుపు తిరిగి ఉంది. ఎడమ ముంజేతి మీద నరం తాడులా లేచి, పైన దూది అంటించి ఉంది. ఆ చేతిని చూశాక మా ప్రాంతంలో కిడ్నీ జబ్బని ఇక వేరే చెప్పనక్కరలేదు. వారానికి మూడుసార్లు పలాస వచ్చి డయాలసిస్ చేయించుకుని వెళ్ళేవాళ్ళలో ఒకడు. భార్య ఆ వ్యాపారి బట్టీలోనే పిక్కలు ఒలుస్తుందట. ఆమె ఇంటికి వచ్చి చెబితే విన్నాడట.

"మేస్టారూ, ఇక్కడ సంతకం ఎవుడు పెడితే ఆడి మాటే సెల్లుతాదంట. నిజమేనేటి?"

"నిజమే నాయనా."

"ఎవులొచ్చి అడిగినా మార్సరు కదా?"

"మార్చం."

"అయితే నాకొక ఫ్లెక్సీ సెయ్యాల."

ఏ సందర్భానికని అడిగాను.

"నాను పోయినాక కట్టీదండి," అన్నాడు, పొలానికి ఎరువు అడిగినంత మామూలుగా.

అమ్మాయి చేయి ఆగిపోయింది. అతనే మా ఇబ్బంది కనిపెట్టి సర్దిచెప్పాడు.

"మీరేటీ బాధపడకండి. మొన్న మా పక్కింటోడు పోతే కట్టినారు. కింద ఇరవై మొకాలు. అందులో నాయకుడి మొకం పోయినోడి మొకం కంటే పెద్దది. బస్సులో ఎల్లీవోళ్ళు సూసి, ఆ నాయకుడే పోనాడేటి అని అడిగినారు." కొంచెం నవ్వి, "మా అన్న నాకూ అలగే సేత్తాడు. సెడ్డోడు కాదు. ఆడికి అదే మర్యాదని. నాకు నా మొకమొక్కటీ ఉంటే సాలు," అన్నాడు.

ఫోనులో ఒక ఫోటో చూపించాడు. తుపానుకు ముందు తన తోటలో బావమరిది తీసినదట. కొబ్బరికాయల రాశి మీద కూర్చుని ఉన్నాడు. భుజాన తువ్వాలు, ఎండకు చికిలించిన కళ్ళు, నవ్వులో ఒక పన్ను లేదు. వెనుక చెట్ల వరసలు. ఆ చెట్లన్నీ ఒక్క రాత్రిలో పడిపోయాయి. ఆ తరువాత రెండేళ్ళకు ఇతను పడ్డాడు. ఆ ఫోటోలో మనిషి, మా ముందు కూర్చున్న మనిషి ఒకరేనని నమ్మడానికి నాకు కొంత వ్యవధి కావలసి వచ్చింది.

నేను పత్రం తీసి అలవాటు చొప్పున గడులు నింపసాగాను. పని, కొలత రాశాను. ఆ ఊపులోనే, "పని ఎప్పటికి కావాలి?" అని అడిగేశాను.

అతను ఆలోచించాడు. "డాక్టరుగారు కూడా సెప్పనేదు మేస్టారూ."

కలం కింద పెట్టాను. ఆ గడిని ఖాళీగా వదిలాను. గడువు లేని పని ఒప్పుకోరాదని ఆ పత్రంలోనే నేను రాసిన మాట ఉంది. దాని మీద అతని చేయి ఆనుకుని ఉండడం వల్ల నేను దాన్ని చూడనట్టు ఊరుకున్నాను.

సంతకం పెట్టేముందు అతనొక మాట అడిగాడు. "సాచ్చి సంతకాలు అక్కర్లేదేటి? భూమి కాయితానికి ఇద్దరు పెడతారు."

"ఇది భూమి కాదు నాయనా. నీ సంతకం చాలు."

"మా ఇంటిదాన్ని తీసుకొచ్చి పెట్టించనా? దానికింకా సెప్పనేదు. తెలిస్తే ఏడుత్తాది."

"అక్కరలేదు," అన్నాను. నేను కూర్చిన వాక్యం మీద నాకు అంత నమ్మకం.

కింద రాయవలసిన మాటలు నన్నే రాయమన్నాడు. నేను రెండు రోజులు కష్టపడి, దీర్ఘసమాసాలతో, చదివితే గుండె కరిగేలా ఒక పెద్ద వాక్యం రాశాను. తరువాతి డయాలసిస్ నాడు వచ్చినప్పుడు అది చదివి వినిపించాను. ఓపికగా విన్నాడు.

"బాగుందండి. ఎవుళ్ళ గురించి?"

అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోయింది. నేనూ నవ్వాను, కొంత ఆలస్యంగా.

"ఈ ఊళ్ళో పుట్టినాడు, ఈ తోట ఏసినాడు. అంతే రాయండి మేస్టారూ. కింద మా ఇంటిదాని పేరు, మా కూతురు పేరు. ఇంకెవులవీ వద్దు."

అలాగే రాశాను: ఈ ఊళ్ళో పుట్టాడు. ఈ తోట వేశాడు. ఆ రెండు వాక్యాలకు నా చదువంతా వెచ్చించినా ఒక్క మాట చేర్చలేకపోయాను. తీయడానికీ ఏమీ లేదు.

అమ్మాయి నమూనా తెర మీద చూపించినప్పుడు అతను చాలాసేపు చూశాడు. వెనుక చెట్ల రంగు మాత్రం ఒప్పుకోలేదు. "అంత పచ్చ కాదు తల్లీ. ఎండలో కొబ్బరాకు పసుపు తిరుగుతాది," అన్నాడు. ఆమె మార్చింది. ఇంకొక మార్పుకు హక్కుందని నేను చెబితే, "ఉండనీండి, మా అన్న కోసం ఉంచండి," అని నవ్వి, ఆమోదించినట్టు రెండోసారి సంతకం పెట్టాడు. ఒక ప్రతి మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "మీరు మాటిచ్చినారు మేస్టారూ," అన్నాడు. ఇచ్చానని తల ఊపాను.

ఆ తరువాత రెండు నెలలు అతను దారిన పోతూ అప్పుడప్పుడు కిటికీలోంచి చేయి ఊపేవాడు. కార్తికమాసం మధ్యలో ఆ చేయి కనబడడం మానేసింది.

కార్తిక బహుళ ద్వాదశి నాడు పొద్దున్న అతని అన్న, భార్య ఆటోలో వచ్చారు. నాలుగు రోజుల కిందట, అష్టమి నాడు పోయాడట. అన్న దృఢకాయుడు, నిద్ర లేక కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. జేబులోంచి మా పత్రం తీసి బల్ల మీద పెట్టాడు.

"మా తమ్ముడు ఇక్కడేటో సేయించుకున్నాడంట. సొక్కా ఉతకడానికేత్తే కాయితం దొరికింది. సూపించండి మేస్టారూ."

అమ్మాయి తెర తిప్పింది. ఆమె, అంటే అతని భార్య, ఒక అడుగు ముందుకు వేసి ఆగింది. "తోట పడిపోకముందుది," అంది. అన్న తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"నవ్వుతున్నాడు," అన్నాడు. "బాగుందమ్మా. కానీ ఇది కట్టలేం."

"ఎందుచేత?" అన్నాను.

"ఎందుకేటండి? పెద్దకర్మకి ఊరంతా వత్తాది. బొమ్మలో అన్నదమ్ముల్లేరు, సంఘపోళ్ళు లేరు. ఆడికి ఎవులూ లేరనుకుంతారు. మా ఊరి నాయకుడు, ఆ పెద్దమనిషి ఫోటో లేకపోతే ఆయన రాడు. ఆయన రాకపోతే దీని పింఛను గురించి మాట్లాడీది ఎవుడు? మీరొచ్చి మాట్లాడతారా?"

నేను లేచి, పత్రంలో నా వాక్యం మీద వేలు పెట్టి చదివాను. ఆమోదకర్త, అన్యులు, అధికారము. చదువుతుంటే నా గొంతు నాకే పాఠం ఒప్పజెబుతున్నట్టు వినిపించింది.

అతను కోపగించలేదు. కోపగించి ఉంటే నాకు కొంత బలం వచ్చేది. "మీరు రాసింది బాగానే ఉంది మేస్టారూ. సంతకం పెట్టినోడేడి? పిలవండి, అడుగుదాం," అన్నాడు. మళ్ళీ పత్రం తిప్పి చూసి, "సాచ్చి కూడా ఎవులూ లేరు కదా," అన్నాడు.

జవాబు లేనివాడు చేసే పనే నేనూ చేశాను. బరువును మరొకరి మీదికి నెట్టాను. ఆమె వైపు తిరిగి, "నువ్వు చెప్పమ్మా. నువ్వు వద్దంటే మార్చం," అన్నాను.

ఆమె పిక్కల జీడికి నల్లబడిన వేళ్ళను కొంగులో దాచుకుంది.

"నానేటి సెప్పగలను బాబూ. ఆయన నవ్వుకుంటా ఎలిపోనాడు. నాను ఈళ్ళ మద్దినే ఉండాల. పిల్లకింకా సదువుంది. బావగారు సెప్పినట్టు సేసీయండి."

అమ్మాయి మెల్లగా, "రెండూ వేస్తాను. పక్కపక్కన కట్టండి," అంది.

"రెండు కడితే మా ఇల్లు రెండయిందంటాది ఊరు," అన్నాడు అన్న.

"పోనీ ఇది చిన్నదిగా వేసి ఇస్తాను. ఇంట్లో పెట్టుకోండి అక్కా."

"ఇంట్లో వద్దమ్మా," అంది ఆమె. "సూడనేను."

అన్న బయటికి వెళ్ళి ఫోనులో మాట్లాడసాగాడు. నేను అమ్మాయిని చూశాను. ఆమె తెరను తన వైపు తిప్పుకుంటూ, "ఒప్పుకున్న మనిషే లేడు నాన్నగారూ. రూలు ఎవరి కోసం పట్టుకోమంటారు?" అంది. ఆ గొంతులో నిష్ఠూరం లేదు, నిజంగానే అడిగింది. నేను చెబుతానని ఒక నిమిషం ఎదురుచూసి, పనిలో పడింది.

నేను కొత్త పత్రం తీసి అన్న ముందుకు జరపబోయాను. "మళ్ళీ సంతకమేటి మేస్టారూ, సావు పనికి," అన్నాడతను. అమ్మాయి చేయి చాచి ఆ పత్రాన్ని నా చేతిలోంచి తీసి పక్కన పెట్టింది.

సాయంత్రం దాకా ఫోనుకు ముఖాలు వస్తూనే ఉన్నాయి. అన్నదమ్ములు, వాళ్ళ కొడుకులు, సంఘం సభ్యులు, అందరికంటే పైన ఆ పెద్దమనిషి. ఒకరి ముఖం మరొకరి కంటే చిన్నదైందని రెండుసార్లు, వరసలో వెనకబడిందని మూడుసార్లు మార్చింది. ఎన్ని మార్పులయ్యాయో తరువాత ఎవరూ లెక్కపెట్టలేదు. తోటలో ఫోటో పనికిరాదన్నారు. గుర్తింపుకార్డు కోసం స్టూడియోలో తీయించిన ఫోటో పంపి, దానికి కోటు తొడగమన్నారు. పోయినవాళ్ళకు కోటు తొడగడం ఫ్లెక్సీలలో మామూలే. అమ్మాయి దగ్గర నాలుగు రంగుల కోట్లు సిద్ధంగా ఉంటాయి. నీలిరంగుది తెచ్చి అతని మెడ కింద అమర్చింది. భుజాలు సరిపోక రెండుసార్లు సర్దింది. అతను కోటులో బిగుసుకుని, నవ్వకుండా, ఎటో చూస్తున్నాడు.

నమూనా పూర్తయ్యాక ఎప్పటిలాగే నన్ను పిలిచింది. పేర్లు చదివి తప్పులు చూడమంది. అశ్రునయనాలతో అన్న మాటలో దీర్ఘం ఎగిరిపోయింది, పెట్టించాను. పెద్దమనిషి ఇంటిపేరులో ఒక ఒత్తు లేదు, అదీ పెట్టించాను. నేను ఇచ్చిన మాట చెల్లకుండా పోయిన ఆ బొమ్మలో, అక్షరదోషం లేకుండా చూడడం ఒక్కటే నా చేతిలో మిగిలింది. ఆ పని శ్రద్ధగా చేశాను. ఎందుకు చేశానో ఇప్పటికీ నాకు తెలియదు. బహుశా అది తప్ప మరొకటి చేతగాక.

వాళ్ళు వెళ్ళేటప్పుడు ఆమె నాకు దండం పెట్టింది. నేను తిరిగి దండం పెట్టాను. క్షమించమని అడగాలనుకున్నాను, దేనికని ఆమె అడిగితే చెప్పవలసి వస్తుందని ఊరుకున్నాను. తనతో ముందుగా ఒక సంతకం పెట్టిస్తానని భర్త అన్నాడనీ, వద్దన్నది నేనేననీ ఆమెకు తెలియదు.

మార్గశిర శుద్ధ తదియ నాడు పెద్దకర్మ జరిగింది. ఊరి కూడలిలో ఇరవైరెండు ముఖాల ఫ్లెక్సీ కట్టారు. పెద్దమనిషి వచ్చి దండ వేసి, భోజనం చేసి వెళ్ళాడు. పుష్య బహుళ దశమి నాడు ఆమెకు పింఛను మంజూరైనట్టు కాగితం వచ్చింది. అతను సంతకం చేసిన నమూనా అచ్చు కాలేదు.